శబ్దమునకు దిక్కు చూపిన ఆలన్ బ్లూమ్‌లైన్

మనుష్యునకు ప్రకృతి రెండు చెవుల నిచ్చినది. ఒక్క చెవితోనే మాటలు వినుటకు వీలుండగా రెండవ చెవి ఏల యను ప్రశ్న సామాన్యముగా ఎవరికిని తోచదు. చీకటి రాత్రి వీథిలో బండి పోవుచుండగా, అది తూర్పునుండి పడమరకు పోవుచున్నదో, పడమరనుండి తూర్పునకు వచ్చుచున్నదో ఇంటిలో కన్నులు మూసికొని పండుకొన్నవాడు సైతము చెప్పగలడు. పెరటిలో దూడ అరచినను, వాకిట ఎవరైన పిలిచినను తల ఆ వైపునకే తిరుగును. ఇది రెండవ చెవి చేయు ఉపకారము. ఈ చిన్న సంగతిని పట్టుకొని, గ్రామఫోను రికార్డునకును చలనచిత్రమునకును కుడి యెడమల భేదమును నేర్పిన మేధావి ఆలన్ డవర్ బ్లూమ్‌లైన్. నేడు ప్రపంచమంతటను స్టీరియో అను పేర వ్యవహరింపబడు విధానమునకు మూలపురుషులైన వారిలో ఇతడు ముఖ్యుడు.

బ్లూమ్‌లైన్ 1903వ సంవత్సరము జూన్ 29వ తేదీన లండను నగరమునందలి హాంప్‌స్టెడ్ అను భాగమున జన్మించెను. అతని తండ్రి సెమీ బ్లూమ్‌లైన్ జర్మనీ దేశమున పుట్టి, బ్రిటిషు పౌరసత్వమును స్వీకరించినవాడు, గనుల ఇంజనీరు. తల్లి జెస్సీ. ఆమె తండ్రి విలియం డవర్ స్కాట్లండునుండి దక్షిణాఫ్రికాకు పోయి అచట క్రైస్తవ మతప్రచారము చేసినవాడు.

ఆలన్ బుద్ధి చిన్ననాటనే యంత్రములవైపు ప్రసరించెను. ఏడేండ్ల ప్రాయమున నతడు ఇంటి వాకిటి గంటను బాగుచేసెను. అంతటితో నూరకుండక, చేసిన పనికి కూలి ఎంతయో లెక్కకట్టి తండ్రికి పద్దు వ్రాసి యిచ్చెను. ఆ కాగితము క్రింద తన పేరు వ్రాసికొని, దాని ప్రక్కన విద్యుత్ ఇంజనీరు అని చేర్చెను. అయినను చదువులో అతడు అందరు బాలురవంటివాడు కాడు. పండ్రెండేండ్లు వచ్చువరకు అతనికి పుస్తకము తడబడక చదువుట రాలేదని అతని సోదరి చెప్పుచుండెడిది. చదువుట రాకపోయినను వర్గ సమీకరణములు మాత్రము తనకు చాల వచ్చియుండెనని అతడు నవ్వుచు బదులు చెప్పెడివాడు. 1914వ సంవత్సరమున తండ్రి మరణించెను. అప్పటికి బాలునకు పదునొకండేండ్లు.

1921వ సంవత్సరమున హైగేటు పాఠశాలలో చదువు ముగించి, బ్లూమ్‌లైన్ లండనులోని సిటీ అండ్ గిల్డ్స్ కళాశాలలో ప్రవేశించెను. విద్యార్థి వేతనమును సంపాదించి, మొదటి సంవత్సరపు తరగతితో పనిలేక నేరుగా రెండవ సంవత్సరపు తరగతిలో చేరెను. రెండేండ్లలో ప్రథమశ్రేణిలో పట్టము నందెను. 1924లో టెలిఫోను పరికరములను చేయు ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగమున కుదిరెను. ఆ దినములలో దూరపు ఊళ్ళ నడుమ వేసిన టెలిఫోను తీగెలయందు ఒక చిక్కు ఉండెను. ఒక తీగెపై మాటలాడుకొనువారి సంభాషణ ప్రక్క తీగెవారికి కూడ వినబడుచుండెను. ఈ దోషమును తగ్గించు సాధనములను బ్లూమ్‌లైన్ కనిపెట్టెను. విద్యుత్ కొలతలను మిక్కిలి సూక్ష్మముగా తీయు ఉపకరణము నొకదానిని గూడ నిర్మించెను. మనుష్యుని చెవి ఏ స్వరమును ఎంత బాగుగా గ్రహించునో కొలిచి చూచెను. ఈ పనియే ముందుముందు అతనికి గొప్ప సహాయమయ్యెను.

1929లో అతడు కొలంబియా గ్రాఫోఫోను కంపెనీలో చేరెను. అచట పెద్ద అధికారియైన ఐజక్ షోయన్‌బర్గ్ అతనికి కఠినమైన కార్య మొకటి అప్పగించెను. రికార్డుపై శబ్దపు గాడిని కోయు యంత్రమునకు అమెరికా దేశపు కంపెనీవారికి పేటెంటు ఉండెను. ఆ యంత్రమును వాడినందులకు వారికి రుసుము చెల్లింపవలసి వచ్చుచుండెను. వారి పేటెంటును తాకక, అంతకంటె మేలైన యంత్రమును చేయవలెననునది షోయన్‌బర్గ్ కోరిక. బ్లూమ్‌లైన్ కొలదిమంది సహచరులతో పనికి పూనుకొని, పూర్తిగా వేరైన సూత్రముపై ఆ యంత్రమును సిద్ధపరచెను. దానితో చేసిన రికార్డులలో ధ్వని మునుపటికంటె స్వచ్ఛముగా వినబడెను.

1931లో కొలంబియా కంపెనీయు, గ్రామఫోను కంపెనీయు కలిసి ఇ.ఎమ్.ఐ. అను పేర ఒకే సంస్థ యయ్యెను. గ్రామఫోను పెట్టె ముందు చెవి యొగ్గి కూర్చుండిన కుక్కబొమ్మ గుర్తు నాడు ఈ సంస్థదే. ఆ బొమ్మగల రికార్డులమీదనే అనేకములైన తెలుగు నాటక పద్యములును పాటలును ఊరూర వినబడెను. లండనుకు పడమటనున్న హేస్ అను పట్టణమున ఈ సంస్థకు పరిశోధనశాల యుండెను. బ్లూమ్‌లైన్ పరిశోధన అచటనే సాగెను.

ఆ యేటనే అతడు, తరువాత తనకు భార్యయైన డోరీన్ లేన్ అను ఉపాధ్యాయినితో కలిసి ఒకనాడు సినిమా చూడబోయెను. చలనచిత్రములకు మాటలు వచ్చి అప్పటికి కొలది యేండ్లే అయినది. తెరపై నటుడు ఒక చివరనుండి మరియొక చివరకు నడచుచున్నను అతని మాటలు మాత్రము ఒకే లౌడు స్పీకరునుండి, ఒకే తావునుండి వచ్చుచుండెను. మనిషి ఒకచోటను కంఠము మరియొకచోటను ఉండుట చూచి ప్రేక్షకులు మిన్నకుండిరి. బ్లూమ్‌లైన్‌కు అది సహింపరాని లోపముగా తోచెను. నటునితో పాటు అతని ధ్వనియు కదలునట్లు చేయు ఉపాయము తనకు తెలియునని అతడు డోరీన్‌తో చెప్పెను.

ఆ ఉపాయమునకు మూలము మనుష్యుని వినికిడిలోనే కలదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణము చేయును. కుడివైపున పుట్టిన చప్పుడు మొదట కుడి చెవికి తగిలి, అటుపిమ్మట ఎడమ చెవికి చేరును. ఈ రెండింటి నడుమ భేదము సెకనులో వేయింట నొక వంతుకంటెను తక్కువ. అంతేకాక, తల అడ్డుపడుటచేత ఎడమ చెవికి హెచ్చు స్థాయి స్వరములు కొంత బలహీనముగా వినబడును. ఈ స్వల్ప భేదములనుబట్టియే మెదడు శబ్దపు దిక్కును నిర్ణయించుచున్నది. రెండు లౌడు స్పీకర్లను ఎదుట నుంచి, వానినుండి వచ్చు శబ్దముల బలమును తగిన పాళమున హెచ్చుతగ్గులు చేసినచో, వినువానికి ఆ శబ్దము వాని నడుమ ఏదో యొక చోటనుండి వచ్చుచున్నట్లు తోచునని బ్లూమ్‌లైన్ గణితముచే నిర్ధారించెను. ఒకే చోట రెండు మైక్రోఫోనులను ఒకదాని కొకటి లంబకోణముగా త్రిప్పి అమర్చినయెడల ఆ హెచ్చుతగ్గులు వానియంతట అవియే ఏర్పడునని కనిపెట్టెను.

ఇక రెండు వేరు వేరు శబ్దములను ఒకే రికార్డుపై నిలుపుట యెట్లు? దీనికి అతడు చూపిన మార్గము మిక్కిలి సొగసైనది. రికార్డుపై గాడి నాగటిచాలువలె లోనికి కోసికొనిపోయి, రెండు గోడలు గలదై యుండును. ఆ గోడలు ఒకదానికొకటి లంబకోణముగా నుండునట్లు చేసి, ఒక గోడపై ఎడమవైపు శబ్దమును, రెండవ గోడపై కుడివైపు శబ్దమును చెక్కవచ్చునని అతడు వివరించెను. అప్పుడు ఒక్క సూదియే రెండింటిని చదువగలదు. ఇట్టి యంశముల నన్నిటిని కూర్చి 1931 డిసెంబరు 14వ తేదీన పేటెంటు కార్యాలయమున దరఖాస్తు చేసెను. 1933 జూన్ నెలలో 394325 అను సంఖ్యతో పేటెంటు లభించెను. అందు 70 హక్కులు పేర్కొనబడినవి. ఆ యేడే డోరీన్‌తో అతని వివాహమయ్యెను.

కాగితముపై ఋజువైనది చెవికి గూడ ఋజువు కావలెను గదా! అందుకై బ్లూమ్‌లైన్ పరీక్షా రికార్డులను తయారుచేయ మొదలిడెను. 1933 డిసెంబరులో హేస్ పరిశోధనశాలలో మొట్టమొదటి స్టీరియో రికార్డులు కోయబడెను. అందు గొప్ప గాయకులు లేరు, వాద్యములు లేవు. అతడును అతని సహచరులును మైక్రోఫోనుల ముందు ఇటునుండి అటు నడచుచు మాటలాడిరి. అంతే. సంగీత మెంత మధురమైనను యంత్రపు గుణదోషములను తేల్చుటకు మొదట అది చాలదు. పాట బాగున్నచో వినువాని మనస్సు పాటయందే లీనమగును. నడచు మనుష్యుడు ఏ క్షణమున ఎచటనున్నాడో ముందే తెలిసియుండును. రికార్డును వినునపుడు అతని అడుగుల చప్పుడు ఆ చోటనే వినబడినచో యంత్రము సత్యము చెప్పినట్లు. వేరొకచోట వినబడినచో అబద్ధమాడినట్లు. బ్లూమ్‌లైన్ తన ఊహను ఇంత నిష్పక్షపాతమైన సాక్షి యెదుట నిలువబెట్టెను.

ఈ పరీక్ష జయప్రదమైన పిమ్మటనే అతడు సంగీతమువైపు తిరిగెను. 1934 జనవరిలో లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో సర్ థామస్ బీచమ్ ఆధ్వర్యమున లండను ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందము మోజార్ట్ రచించిన జూపిటర్ సింఫనీని అభ్యసించుచుండగా, దానిని తన విధానమున రికార్డు చేసెను. వాయులీనములు ఒక వైపునను, మంద్రస్వరపు వాద్యములు వేరొక వైపునను వేరువేరుగా వినబడెను. 1935లో అతని బృందము చిన్న చిన్న చలనచిత్రములను గూడ తీసెను. ఒకదానిలో మనుష్యులు రంగస్థలముపై అటు నిటు నడచుచు మాటలాడుదురు. మరియొకదానిలో హేస్ రైలుస్టేషనువద్ద రైలుబండ్లు పోవుచుండును. సుమారు ఐదు నిమిషముల ఆ చిత్రమున బండి తెరపై ఎటు సాగునో దాని రొదయు అటే సాగును. సినిమాశాలలో అతనికి కనబడిన లోపము నాలుగేండ్లలో ఈ విధముగ తీరెను.

కాని ఆ రికార్డులు గాని, చిత్రములు గాని అంగళ్ళకు రాలేదు. 1929లో మొదలైన ఆర్థికమాంద్యము వలన గ్రామఫోను వ్యాపారము దెబ్బతిని యుండెను. నాటి లక్క రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరుగుచు, ఒక ప్రక్క నాలుగైదు నిమిషముల పాటే పలుకుచుండెను. సూది రాపిడి చప్పుడును అధికము. సూక్ష్మమైన భేదములను మోయుటకు ఆ రికార్డు తగినది కాదు. ఇంటింట రెండు లౌడు స్పీకర్లు కొనువారెవరని సంస్థ సంశయించెను. తన విధానము మూలబడినందులకు బ్లూమ్‌లైన్ పని మానుకొని కూర్చుండలేదు. సంస్థ టెలివిజనువైపు తన శక్తిని మరల్చగా అతడును అందు ప్రవేశించెను.

షోయన్‌బర్గ్ నాయకత్వమున పనిచేసిన ఆ బృందము 405 గీతలతో చిత్రమును కూర్చు విధానమును సిద్ధముచేసెను. 1936 నవంబరు 2వ తేదీన బి.బి.సి. సంస్థ లండనులోని అలెగ్జాండ్రా పాలెస్ నుండి క్రమబద్ధమైన టెలివిజను ప్రసారములను ప్రారంభించెను. కొలది నెలలలోనే ఆ విధానము అంతకు ముందు పోటీగా నున్న రెండవ విధానమును త్రోసిపుచ్చెను. 1937 మే 12వ తేదీన ఆరవ జార్జి పట్టాభిషేకపు ఊరేగింపు టెలివిజనులో చూపబడెను. దూరమునుండి తీగెలపై చిత్రమును తెచ్చుటలో బ్లూమ్‌లైన్ కల్పించిన విద్యుద్వలయములు ఉపకరించెను. సుమారు పదునెనిమిదేండ్ల ఉద్యోగ జీవితమున అతడు పొందిన పేటెంట్లు మొత్తము 128.

1939లో రెండవ ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. బ్లూమ్‌లైన్ రేడార్ పరిశోధనలకు పిలువబడెను. అప్పుడు బ్రిటిషు విమానములు రాత్రివేళ మేఘముల నడుమ పోవుచు క్రిందనున్న ప్రదేశమును గుర్తింపలేక దారితప్పుచుండెను. రేడియో తరంగములను నేలపైకి పంపి, తిరిగివచ్చు తరంగములచే నేల స్వరూపమును ఒక తెరపై చూపు యంత్రమును నిర్మింప తలపెట్టిరి. దానికి హెచ్.టు.ఎస్. అని రహస్యనామము. శబ్దపు దిక్కును వెదకిన మేధ ఇప్పుడు కంటికి కనబడని నేలను వెదకసాగెను.

1942 జూన్ 7వ తేదీ ఆదివారమున ఆ యంత్రమును పరీక్షించుటకై హాలిఫాక్స్ విమానమొకటి డెఫర్డ్ విమానాశ్రయమునుండి బయలుదేరెను. బ్లూమ్‌లైన్‌యు, అతని సంస్థకు చెందిన సెసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లిథెన్ అను మరి ఇద్దరును అందుండిరి. తన యంత్రమును తానే వెంటనుండి పరీక్షించుట అతని పద్ధతి. దారిలో కుడిరెక్కపైనున్న ఇంజనులలో నొకదానికి నిప్పంటుకొనెను. మంట రెక్కకు ప్రాకెను. వెల్ష్ బిక్నర్ అను గ్రామమునొద్ద విమానము కూలి, అందున్న పదునొకండుగురును మరణించిరి. ఇంజనులోని ఒక చిన్న మరను బిగింపవలసినంతగా బిగింపకపోవుటయే ఈ యనర్థమునకు కారణమని విచారణలో తేలెను. పరీక్షలకే జీవితమును ధారవోసినవానిని పరీక్షింపబడని ఒక మర బలిగొనెను. అప్పటికి బ్లూమ్‌లైన్‌కు ముప్పది తొమ్మిదవ యేడు నిండుటకు ఇరువది రెండు దినములు తక్కువ. భార్యయు, ఇద్దరు చిన్న కుమారులును మిగిలిరి.

యంత్రము యుద్ధరహస్యమగుటచే అతని మరణవార్తను గూడ చాలకాలము గోప్యముగా నుంచిరి. శత్రువునకు తెలియరాదని పాటించిన మౌనము వలన స్వదేశస్థులకును అతని గొప్పతనము తెలియకపోయెను. అతని సహచరులు పనిని నిలుపలేదు. 1943 జనవరిలో హెచ్.టు.ఎస్. యంత్రముతో విమానములు మొదటిసారి యుద్ధకార్యమునకు పోయెను.

యుద్ధము ముగిసెను. 1948లో ఎక్కువసేపు పలుకు వినైల్ రికార్డులు వచ్చెను. వానిలో రాపిడి చప్పుడు తక్కువ. బ్లూమ్‌లైన్ విధానమునకు తగిన రికార్డు ఇప్పటికి లభించినది. 1957లో అమెరికాలోని ఆడియో ఫిడెలిటీ అను సంస్థ ప్రదర్శనార్థము ఒక స్టీరియో రికార్డును అచ్చొత్తెను. ఆ రికార్డున గాడి రెండు గోడలమీదను రెండు శబ్దములు చెక్కబడియుండెను. ఇరువదియారేండ్ల క్రితము బ్లూమ్‌లైన్ వర్ణించిన రూపమే అది! దానిలో ఒక ప్రక్కన జాజ్ సంగీతమును, రెండవ ప్రక్కన రైలుబండి మొదలగు వాని చప్పుళ్లును ఉండెను. హేస్‌లో తీసిన రైలుబండ్ల చిత్రము పెట్టెలలో నుండగనే, సముద్రమున కావలివారు గూడ అదే పరీక్షను ఎన్నుకొనుట ఆశ్చర్యకరము. మరుసటి యేడు అనేక సంస్థలు స్టీరియో రికార్డులను అమ్మసాగెను.

అది మొదలు స్టీరియో యంత్రముల మంచిచెడ్డలను తేల్చుటకు ప్రత్యేకమైన రికార్డులు వెలువడుచు వచ్చినవి. వానిలో మొదట ఒక కంఠము ఎడమవైపునుండి పలుకును. పిదప కుడివైపునుండి పలుకును. తరువాత నట్టనడుమ నుండి పలుకును. లౌడు స్పీకరు తీగెలు రెండును తారుమారైనచో నడుమ వినబడవలసిన కంఠము నిలుకడ లేక చెదరిపోవును. వినువాడు వెంటనే లోపమును గ్రహించి సరిచేసికొనును. అడుగుల చప్పుడు, రైలుబండి రొద, డోలు దెబ్బ, చిరుగంట మ్రోత — ఇట్టివే నేటికిని వెలగల యంత్రములకు గీటురాళ్ళు. నాటి హేస్ పరిశోధనశాలలో కొందరు ఇంజనీర్లు మాటలాడుచు నడచిన ఆ నడకయే వీని కన్నిటికిని మార్గదర్శి.

బ్లూమ్‌లైన్‌కు కీర్తి ఆలస్యముగా లభించెను. 1977లో ఈలింగునందు అతడు నివసించిన ఇంటి గోడపై స్మారకఫలకము నుంచిరి. 2015లో ప్రపంచ విద్యుత్ ఇంజనీర్ల సంఘము ఆబీ రోడ్ స్టూడియోలో అతని స్టీరియో కృషికి చిహ్నముగా ఫలకమును స్థాపించెను. 2017లో సంగీతలోకమున ప్రఖ్యాతమైన గ్రామీ సాంకేతిక పురస్కారము అతనికి ప్రకటింపబడెను. ఆ గౌరవమును చూచుటకు అతడు లేడు. అయినను అతని పరీక్షా రికార్డులు చెడక నిలిచియున్నవి. వానిని నేడు రెండు లౌడు స్పీకర్ల నడుమ కూర్చుండి వినువానికి, 1933 నాటి ఆ మనుష్యులు ఎడమనుండి కుడికి నడచిపోవుచున్నట్లే తోచును. లోపమును చూచి సరిపెట్టుకొనుట సులభము. దానిని తీర్చు మార్గమును వెదకి, వెదకినదానిని కఠినముగా పరీక్షించుటయే విజ్ఞానమునకు జీవము. ఆలన్ బ్లూమ్‌లైన్ జీవితమంతయు ఈ సత్యమునకు నిదర్శనము.